చెరిపేసిన కాల్ ఎక్కడ దొరుకుతుంది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో పదవీ విరమణ చేసినవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన వయసు వాళ్ళ సభలంటే మామూలుగా మోకాళ్ళ గురించో, పెన్షన్ గురించో ఉపన్యాసాలు పెడతారు. మీ కార్యదర్శిగారు మాత్రం ఫోన్‌లో చెరిగిపోయిన కాల్స్ మళ్ళీ ఎలా తెచ్చుకోవాలో చెప్పమన్నారు. నేను టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసినవాడిని. కొత్త ఫోన్లలో నొక్కాల్సిన బటన్లు నాకంటే మా మనవడికే బాగా తెలుసు. నాకు తెలిసింది ఎక్స్ఛేంజ్ వైపు సంగతి. అయితే ఈ ప్రశ్నకి జవాబు కూడా చాలావరకు అటువైపే ఉంది.

మీ ఫోన్‌లో కనిపించే కాల్ లిస్ట్ ఫోన్ తన కోసం రాసుకునే చిట్టా. అసలు లెక్క మీరు రీఛార్జ్ చేయించుకునే కంపెనీ దగ్గర ఉంటుంది. మీరు ఫోన్‌లో ఎన్నిసార్లు డిలీట్ నొక్కినా ఆ లెక్కకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకని పోయిన నంబరు కోసం ఫోన్ విప్పించి వెతికించే ముందు అటు వెళ్ళి అడగాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా ఎలా అడగాలన్న వివరం.

పాత ఎక్స్ఛేంజీల్లో ఈ సదుపాయం లేదు. ఒక్కో చందాదారుకి ఒక్కో మీటరు ఉండేది. బిల్లుల వేళకి ఆ మీటర్ల వరసల్ని ఫోటో తీసి, ఆ అంకెలు చూసి బిల్లు వేసేవారు. లోకల్ కాల్ ఎవరికి చేశారు, ఎంతసేపు మాట్లాడారు అన్నది ఎక్కడా రాసి ఉండేది కాదు. "నేను చెయ్యలేదు మహాప్రభో" అని చందాదారు, "మీటరు తిరిగింది కదండీ" అని మేము. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాక అంతా తారుమారైంది. ఇప్పుడు ప్రతి కాల్‌కీ ఒక రికార్డు పుడుతుంది. కాల్ డీటెయిల్ రికార్డు అంటారు, వాడుకలో సీడీఆర్. చేసిన నంబరు, అందుకున్న నంబరు, మొదలైన సమయం, ఎంతసేపు నడిచింది, ఏ టవర్ పరిధిలో ఉన్నారు, ఏ హ్యాండ్‌సెట్ వాడారు, ఇవన్నీ అందులో ఉంటాయి. మాట్లాడిన మాటలు మాత్రం ఉండవు. "రెండేళ్ళ కింద మా బావ ఫోన్‌లో ఏమన్నాడో కంపెనీవాళ్ళని అడిగి వినిపించండి" అని వచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ ముక్క విడిగా చెబుతున్నాను.

ఈ రికార్డుల్ని కంపెనీలు ఎంతకాలం దాచాలన్నది లైసెన్సు షరతుల్లో ఉంది. మొదట్లో ఏడాది. 2021 డిసెంబరులో టెలికాం శాఖ ఆ షరతు మార్చి, కనీసం రెండేళ్ళు ఉంచాలంది.

ఇక ఫోన్ లోపలి సంగతి. అసలు చాలామంది "పోయాయి" అనుకునే కాల్స్ పోవు. లిస్టులో మిస్డ్ కాల్స్ ఒక్కటే కనిపించేలా ఫిల్టర్ పడి ఉంటుంది. ఒకే నంబరు నుంచి వచ్చిన పది కాల్స్ ఒక గీతలో ముడుచుకుని ఉంటాయి. కొన్ని ఫోన్లలో బ్లాక్ చేసిన నంబర్ల కాల్స్ వేరే అరలోకి వెళతాయి. ఇంకోటి, ఫోన్ చిట్టాకీ ఒక హద్దు ఉంది. మామూలు ఆండ్రాయిడ్ 500 కాల్స్ దాటాక పాతవాటిని తానే తీసేస్తుంది. ఫోన్ తయారుచేసే కంపెనీలు ఈ అంకెని మార్చుకుంటూ ఉంటాయి. ఐఫోన్‌లో చాలా ఏళ్ళు లిస్టులో వందే కనిపించేవి. కాబట్టి ఉగాదికి వచ్చిన కాల్ దసరాకి కనిపించలేదంటే మనవరాలు డిలీట్ చేసిందని దాని మీద కేకలెయ్యకండి. ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు వచ్చిన కాల్ అయితే లిస్టులోకి అసలు ఎక్కనే ఎక్కదు. దాని జాడ కంపెనీ పంపే మిస్డ్ కాల్ ఎస్ఎంఎస్‌లోనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి టవర్లు పడిపోయినప్పుడు, బంధువులు ఎన్నిసార్లు చేశారో మన ఫోన్లకి తెలియనే తెలియదు కదా.

మరి నిజంగా చెరిపేస్తే? కాల్ లిస్ట్ ఫోన్‌లో ఒక చిన్న డేటాబేస్ ఫైలు. ఒక వరసని చెరిపితే సాధారణంగా ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుందే తప్ప వెంటనే తుడిచెయ్యదు. బడిలో హాజరు పట్టీలోంచి పేరు కొట్టేసినా, కొత్త కుర్రాడు వచ్చేదాకా పాత కుర్రాడు అదే బెంచీ మీద కూర్చుని ఉన్నట్టు. వెనకటి ఫోన్లలో ఆ కుర్రాణ్ణి పట్టుకోవడం సాధ్యపడేది. డిలీటైన కాల్స్ తీసిస్తామన్న మాట ఆ రోజుల్లో పుట్టిందే. ఇప్పటి ఫోన్లలో లోపలి డేటా అంతా సంకేతాల్లోకి మార్చి తాళం వేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ 10తో బయటికొచ్చిన ఫోన్ల నుంచి ఇది తప్పనిసరి. ఆ డేటాబేస్ ఫైలు దాకా మామూలు యాప్ చేరలేదు. చేరాలంటే ఫోన్‌ని రూట్ చెయ్యాలంటారు, అంటే తయారీదారు వేసిన అడ్డుకట్టలు తీసేసి లోపలిదాకా అధికారం తెచ్చుకోవడం. దానికి ముందు బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం, అన్‌లాక్ చెయ్యాలి, అలా అన్‌లాక్ చేసినప్పుడు ఫోన్‌లోని డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. భద్రత కోసం కావాలనే అలా పెట్టారు. రూట్ చేసి తీసిస్తానని ఎవరైనా అంటే, ఒక్క కాల్ కోసం మీ ఫోటోలు, పరిచయాలు అన్నీ పోగొడతానని చెబుతున్నట్టే. జగదాంబ దగ్గరైనా, గాజువాకలో అయినా నిజాయితీ ఉన్న రిపేర్ షాపు కుర్రాడు "అది అవదు సార్" అని రెండు నిమిషాల్లో పంపించేస్తాడు. అతనికి డిస్‌ప్లే వేయించుకోండి, బ్యాటరీ మార్పించుకోండి. ఫోన్‌లోంచి చెరిగిన డేటా తీసే ప్రయత్నం ఫోరెన్సిక్ లేబొరేటరీల పని. విశాఖలోనూ ప్రాంతీయ ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది కానీ, అక్కడికి ఫోన్ వెళ్ళాలంటే కేసు ఉండాలి.

యాప్‌ల సంగతి ఇంకా ఘోరం. "డిలీటెడ్ కాల్ రికవరీ" అని వెతికితే గుట్టలుగా వస్తాయి. వాటిలో చాలావరకు చేసేది ఒకటే, మీ ఫోన్‌లో ఇప్పుడున్న లిస్టుని చదివి మీకే చూపిస్తాయి. దానికి ముందు కాల్ లాగ్ చూసే అనుమతి అడుగుతాయి, పరిచయాలు అడుగుతాయి, కొన్ని ఎస్ఎంఎస్‌లు కూడా అడుగుతాయి. ఎస్ఎంఎస్ అంటే మీ ఓటీపీలండీ. ఈ ప్రమాదం వల్లే గూగుల్ 2019లో ప్లే స్టోర్ నిబంధన బిగించింది. ఫోన్ యాప్‌గానో, మెసేజ్ యాప్‌గానో వాడేవాటికి తప్ప, కొద్ది మినహాయింపులతో, ఈ అనుమతులు ఇవ్వనంది. అప్పటి నుంచి కొందరు ప్లే స్టోర్ బయట లింకులు పంపి ఎక్కించుకోమంటున్నారు. లింకు ఎవరు పంపినా సరే, ఎక్కించకండి.

బ్యాకప్, అంటే ఫోన్‌లోని డేటాకి ఇంటర్నెట్‌లో దాచిన నకలు, ఉంటే మాత్రం ఒక దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే కాల్ హిస్టరీ కూడా అందులోకి వెళుతుంది. చిక్కేమిటంటే, ఫోన్‌ని కొత్తగా సెట్ చేసేటప్పుడే దాన్ని వెనక్కి తెచ్చుకోగలం. ఒక్క నంబరు కోసం చేతిలో ఉన్న ఫోన్‌ని రీసెట్ చెయ్యడం తెలివైన పని కాదు. ఇంట్లో పక్కన పడేసిన ఫోన్ ఉంటే దాన్ని రీసెట్ చేసి, మీ గూగుల్ ఖాతాతో సెట్ చేస్తూ ఆ బ్యాకప్ ఎంచుకోండి, పాత లిస్టు అందులో కనిపించే అవకాశం ఉంది. అయితే తొందరపడాలి. రాత్రి ఫోన్ ఛార్జింగ్‌లో పెడితే వైఫైలో కొత్త బ్యాకప్ తయారవుతుంది, అందులో చెరిపేసిన కాల్ ఉండదు. అందుకని పోయిందని తెలిసిన వెంటనే ఆ ఫోన్‌లో వైఫై, డేటా ఆపండి. బ్యాకప్ మీటని మాత్రం ఆపకండి, దాన్ని ఆపితే ఉన్న కాపీ కూడా పోవచ్చు. ఫోన్‌ని 57 రోజులు వాడకుండా వదిలేసినా గూగుల్ దాని బ్యాకప్ తీసెయ్యవచ్చు. ఐఫోన్ వాళ్ళకి ఆపిల్ కంపెనీ బ్యాకప్ దాచే ఐక్లౌడ్‌లోనూ ఇంచుమించు ఇదే తంతు. ఒకే ఖాతాతో ఐప్యాడ్ కూడా ఉంటే ఒకచోట చెరిపింది రెండో చోటా చెరిగిపోతుంది.

ఇప్పుడు కంపెనీని అడగడం. మీరు చేసిన కాల్స్ అయితే చాలా సులువు. పోస్ట్‌పెయిడ్ వాళ్ళు వివరాలతో ఉన్న బిల్లు అడగొచ్చు. ప్రీపెయిడ్ వాళ్ళకీ హక్కుంది, చాలామందికి తెలియదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, అడిగితే గత ఆరు నెలల వివరాలు 30 రోజుల లోపు ఇవ్వాలి, అందుకు 50 రూపాయలకి మించి తీసుకోకూడదు. నిజానికి అంతదాకా అక్కర్లేదు. మైజియో, ఎయిర్‌టెల్ థాంక్స్ లాంటి యాప్‌లలోనే స్టేట్‌మెంట్ అని వెతికితే నిమిషాల్లో వస్తుంది. పోయిన నెలలో ప్లంబరుకి ఫోన్ చేశాను, నంబరు పోయింది అంటే, మీరు చేసిన తేదీ గుర్తుంటే చాలు.

వచ్చిన కాల్స్ దగ్గరే చిక్కు. మన దేశంలో ఇన్‌కమింగ్‌కి డబ్బు పడదు కాబట్టి బిల్లులో అవి ఉండవు. మిస్డ్ కాల్ సరేసరి. వచ్చిన కాల్స్ కంపెనీ రికార్డులో ఉన్నా కౌంటర్ దగ్గర అడిగితే ఇవ్వరు, పోలీసులో కోర్టో అడగాలి. పోలీసుల్లో కూడా ఎస్పీ, ఆ పై స్థాయి అధికారి పేరు మీదే ఆ అభ్యర్థన వెళ్ళాలి. వాట్సాప్ కాల్స్ ఈ రికార్డులో కాల్స్‌గా కనిపించవు, ఇంటర్నెట్ వాడినట్టు మాత్రమే ఉంటుంది. వాటికోసం వాట్సాప్ బ్యాకప్‌నే చూడాలి.

ఈ ఇన్‌కమింగ్ విషయం దగ్గర కాసేపు ఆగుతాను. పోయిన కాల్ కోసం నిజంగా కంగారుపడేది మోసపోయినవాళ్ళు. సీబీఐ అనో, కస్టమ్స్ అనో ఫోన్ వస్తుంది, "డిజిటల్ అరెస్ట్" అంటాడు, అంటే ఫోన్‌లోనే నిన్ను అరెస్టు చేశామని బెదిరింపు, మనిషి వణికిపోయి డబ్బు పంపుతాడు. ఆ తర్వాత సిగ్గు. కొడుకు చూస్తే ఏమంటాడోనని కాల్ లిస్ట్, వాట్సాప్ చాట్ అన్నీ తుడిచేస్తాడు. కొన్నిసార్లు మోసగాడే దగ్గరుండి తుడిపిస్తాడు. ఆ తర్వాత ఆధారం లేదని ఫిర్యాదే ఇవ్వరు. ఇది తప్పండీ. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు చేతులు మారకముందే ఆపాలి కాబట్టి గంటలు కాదు, నిమిషాలు లెక్క. అక్కడ ముందుగా అవసరమయ్యేది మీ కాల్ లిస్ట్ కాదు. ఏ ఖాతా నుంచి, ఎంత, ఎప్పుడు, లావాదేవీ నంబరెంత, ఇవి. అవన్నీ బ్యాంకు మెసేజ్‌లో ఉంటాయి. మామూలు కాల్ అయితే మీ నంబరు సీడీఆర్ పోలీసులే తెప్పించుకుంటారు, డబ్బు వెళ్ళిన సమయానికి అటూ ఇటూ వచ్చిన కాల్స్ అందులో దొరుకుతాయి. వాట్సాప్ చాట్ మిగిలి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఫోన్ కూడా అలాగే ఉంచండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 65బి, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63. స్క్రీన్‌షాట్ పోలీసులకి దారి చూపిస్తుంది, కంపెనీ సర్టిఫికెట్‌తో ఇచ్చే సీడీఆర్ కోర్టులో నిలబడుతుంది.

అవతల ఫోన్ పట్టుకున్నవాడు ఎవరో కూడా ఒక్కోసారి ఆలోచిస్తాను. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన వైపు కుర్రాళ్ళని కంబోడియా పంపి, అక్కడ వాళ్ళచేత మన దేశం వాళ్ళకే మోసపు కాల్స్, చాట్లు చేయించారు. ఆ పిల్లల తల్లిదండ్రులూ మన చుట్టుపక్కలవాళ్ళే.

చివరిగా ఇబ్బందైన విషయం ఒకటి. ఈ సభ ఉందని తెలిసి నాకు ముందే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. అడిగింది తమ కాల్స్ గురించి కాదు. ఒకాయనకి కోడలి కాల్స్ కావాలి, ఇంకొకాయనకి అల్లుడివి. నేను చెప్పను. చెప్పనని వాళ్ళతోనూ అన్నాను. ఇంకొకరి కాల్ రికార్డులు దొంగతనంగా తెప్పించుకోవడం నేరం. 2018లో ఠాణే పోలీసులు సీడీఆర్‌లు అమ్ముతున్న ముఠాని పట్టుకున్నప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌లు అరెస్టయ్యారు. ఇంకొకరి ఫోన్‌లో రహస్యంగా నిఘా యాప్ పెట్టడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో అనుమానం ఉంటే కూర్చుని మాట్లాడండి, లేదా లాయరు దగ్గరికి వెళ్ళండి. కోర్టు అవసరమనుకుంటే తనే తెప్పించుకుంటుంది.

సరే, నా మాట ఇక్కడికి చాలు. అందరూ ఒకసారి ఫోన్లు తియ్యండి. ఆండ్రాయిడ్ వాళ్ళు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, గూగుల్ అని ఉన్నచోట నొక్కి, బ్యాకప్ తెరవండి. కాల్ హిస్టరీ అని ఒక వరస ఉంటుంది, చివరిసారి బ్యాకప్ ఎప్పుడైందో కూడా కనిపిస్తుంది. ఆఫ్ అని ఉన్నవాళ్ళు, ఆ వరస దొరకనివాళ్ళు చెయ్యెత్తండి, నేను మీ దగ్గరికే వస్తాను. ఐఫోన్ వాళ్ళు ఇటు కిటికీ వైపు కూర్చోండి, మా మనవడు చూసుకుంటాడు.