తీసేసిన వీడియో కోర్టుకెలా చేరుతుంది?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఆహ్వాన పత్రికలో ఉన్నాయి, మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం ‘డిజిటల్ సాంకేతికత, శాంతి స్థాపన’. నేను మాత్రం సోషల్ మీడియా కంపెనీలు తీసేసిన వీడియోల గురించే మాట్లాడతాను.

2017 ఆగస్టులో లిబియా సైనిక కమాండర్ మహమూద్ అల్ వెర్ఫల్లీ మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారంటు ఇచ్చింది. బెంఘాజీ ప్రాంతంలో 33 మందిని చంపిన కేసు. అందులో ముఖ్యమైన ఆధారం సోషల్ మీడియాలో పెట్టిన వీడియోలే. అదే నెలలో యూట్యూబ్ యంత్రాలు సిరియా యుద్ధ వీడియోలను ఉగ్రవాద ప్రచారమనుకుని వేలాదిగా తీసిపారేశాయి. బాంబులు పడుతున్న వీధుల్లో నిలబడి మామూలు జనం ఫోన్లలో పట్టిన దృశ్యాలవి. అలాంటి దృశ్యాలను సాక్ష్యంగా భద్రపరిచే సిరియన్ ఆర్కైవ్ అనే సంస్థ వాళ్లు ముందే కాపీలు చేసి పెట్టారు కాబట్టి కొన్నయినా మిగిలాయి.

మరి ద్వేషం నూరిపోసే పోస్టుల్ని ఉంచాలా? అక్కర్లేదు. మయన్మార్‌లో రోహింగ్యాల మీద విషం కక్కుతున్న పోస్టుల విషయంలో ఫేస్‌బుక్ ఆలస్యంగా కదిలింది. 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. జనానికి కనబడకుండా తీసేయండి, కోర్టు కోసం దాచండి. రోహింగ్యాల తరఫున మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసిన గాంబియా దేశం, ఆ తీసేసిన పోస్టుల కోసమే 2020లో అమెరికా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఇక్కడ లాయరుగా నేను చూసిన కేసు ఒకటి చెప్పాలి, నిర్వాహకులు మన్నించాలి. మా జిల్లాలో ఒక ఊరి జాతరలో రెండు వర్గాలు కొట్టుకున్నాయి. ఒక కుర్రాడు మేడ మీంచి మొత్తం వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టాడు. హింస ఉందని రెండో రోజే దాన్ని తీసేశారు. ఫోన్లో స్పేస్ లేక వాడు ఒరిజినల్ అప్పటికే డిలీట్ చేశాడు. మా చేతికొచ్చింది గ్రూపులన్నీ తిరిగిన వాట్సాప్ కాపీ. ఎప్పుడు తీశారో, ఏ ఫోన్‌తో తీశారో అందులో లేదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టు తీసుకోవాలంటే పాత సాక్ష్య చట్టం అడిగే 65బీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాడు దొరకలేదు. తల పగిలిన ఆవిడ కోర్టు వరండాలో నన్నడిగింది: “ఊరంతా చూసింది కదయ్యా, జడ్జిగారికి చూపించలేమా?” ఊరంతా చూసింది, అమ్మా. జిల్లా అంతా చూసింది. కోర్టే చూడలేదు! ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కృత్రిమ మేధ గురించి రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెడుతున్నాను. పరిశోధక విద్యార్థులారా, థీసిస్‌లో లింకు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. వీడియో దొరికిన రోజే ఫైలు దించుకోండి, దాని హాష్ విలువ, అంటే ఫైలు మారితే పట్టిచ్చే వేలిముద్ర లాంటి కోడ్, రాసుకోండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో అది కూడా అడుగుతున్నారు. వీడియో తీసిన మనిషి పేరు మాత్రం ఆ ఫైలుతో కలిపి పెట్టకండి, వేరేగా తాళం వేసి దాచండి. వాళ్ల ప్రాణాలతో పని.

ఈ విభాగంలో అలాంటి ఆర్కైవ్ ఒకటి మొదలుపెట్టండి. మా బార్ అసోసియేషన్‌లో ఉన్న లాయర్లను నేను తీసుకొస్తాను. వచ్చే వారమే కూర్చుందాం.