గీత అంటే అంచు కాదండీ బాబూ!

ఇంకు బొమ్మ పెట్టిన ప్రతిసారీ కింద ఒకటే కామెంట్: "అన్నా, అవుట్‌లైన్ నీట్‌గా రావట్లేదు, ఏ పెన్ను కొనాలి?" పెన్ను సంగతి తర్వాత, అసలు అవుట్‌లైన్ నీట్‌గా ఎందుకు రావాలి? ముందు చుట్టూ అంచు గీసి లోపల షేడింగ్ నింపితే, వంట చేసేవాళ్లూ, బేరమాడేవాళ్లూ, పిల్లల్ని ఆడించేవాళ్లూ అందరూ కొలువులో బొమ్మల్లా బిగుసుకుపోతారు.

[స్క్రీన్ మీద: పాపకి నడక నేర్పుతున్న బొమ్మ]

ఇది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసింది, 1656 ప్రాంతంలో. ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, సైజు దాదాపు పోస్టుకార్డంత. ఇద్దరు ఆడవాళ్లు చెరోవైపు పట్టుకుని పాపని నడిపిస్తున్నారు, ఒకాయన గొంతుక్కూర్చుని చేతులు చాపాడు, నాన్నే అనుకుందాం, వెనక పాల బకెట్టుతో ఒకావిడ పోతోంది. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అయితే ఇంతకంటే గొప్ప డ్రాయింగ్ లేదన్నాడు. ఆ ర్యాంకుల గొడవ నాకు పడదు గానీ, ఆ పాలావిడ దగ్గర మాత్రం ఆగాల్సిందే.

ఆవిడకి పట్టుమని పది గీతలు కూడా లేనట్టుంటాయి. అయినా బకెట్టు నిండుగా ఉందని తెలిసిపోతుంది. ఎలాగంటే, రెండో చెయ్యి చూడండి, పక్కకి చాచింది. ఒక చేత్తో బరువు మోస్తే ఒళ్లు అటు లాగుతుంది, పడకుండా రెండో చెయ్యి ఇటు పోతుంది. అంటే బరువుని బకెట్టులో కాదు, ఖాళీ చేతిలో గీశాడు! హాక్నీ కూడా దీన్నే ఎత్తి చూపించాడు.

కంపోజిషన్, అంటే ఎవర్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇదే లెక్క. ముందున్న ముగ్గురి చేతులూ పాప వైపే పోతున్నాయి. నాన్న చేతులకీ పాపకీ మధ్య కాస్త ఖాళీ ఉంది చూశారా, బొమ్మలో టెన్షన్ అంతా అక్కడే, అక్కడ ఒక్క గీత కూడా అక్కర్లేదు. మరి పాలావిడ ఎందుకు? వేలితో ఆవిడని మూసేసి చూడండి, అందరూ ఒకచోట ముద్దగా అయిపోతారు. ఇక్కడ ఒక బిడ్డకి తన ఒళ్లే బరువు, అక్కడ ఒకావిడ బకెట్టు మోస్తూ తన దారిన తను పోతోంది. (మనవాళ్లు 'బాపు గీత' అని మురిసిపోతారు, ఆయన ఎంత కాగితం ఖాళీగా వదిలాడో మాత్రం ఎవరూ మాట్లాడరు. అది వేరే వీడియో.)

సరే, పెన్ను. 1650లలో రెంబ్రాంట్ రెల్లు కలం బాగా వాడాడు. మొద్దు మొన, ఇంకు త్వరగా అయిపోతుంది, గీత చివర పొడిగా తెగిపోతుంది. పొడుగాటి నున్నటి అవుట్‌లైన్ దాంతో కష్టం, కాబట్టి ఏ గీత కావాలో ముందే తేల్చుకోవాలి. మన ఫైన్‌లైనర్, అదే సన్న మొన స్కెచ్ పెన్ను, ఎంత నొక్కినా ఒకటే మందం, ఇంకు అయిపోదు, అందుకే చేయి ఆగదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బాగా నల్లటి గీత పట్టు ఉన్నచోట వేయండి, అంటే వేళ్లు బిగిసినచోట, పాదం నేలకి ఆనినచోట. వెలుగు పడేవైపు అంచు తెంపేయండి. హ్యాచింగ్, అంటే నీడ కోసం పక్కపక్కనే వేసే గీతలు, ఒంటి వంపుని బట్టి పోవాలి. దూరంగా ఉన్నవాళ్లకి సన్నటి గీతలు, తక్కువ గీతలు.

హోంవర్క్: వాటర్ క్యాన్ మోసే మనిషిని గీయండి. క్యాన్ ఆఖర్న.