546 కాగితాల చుట్ట

శ్రోతలకు నమస్కారం.

అది 1893వ సంవత్సరం. న్యూజిలాండ్‌లో జూలై, ఆగస్టు నెలలంటే చలికాలం. వెల్లింగ్టన్ పార్లమెంటులో సర్ జాన్ హాల్ అనే సభ్యుడు ఒక కాగితపు చుట్ట తెచ్చాడు. ఒక కొస పట్టుకుని మిగతాది సభ నడవలోకి దొర్లించాడు. అది విచ్చుకుంటూ పోయి పోయి అవతలి గోడకు ఠప్పున కొట్టుకుంది. ఆడవాళ్ళకు ఓటు కావాలని ఆడవాళ్ళే సంతకాలు చేసిన అర్జీ అది.

ఆ చుట్ట ఎలా తయారైందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒకే తీరు ఫారాలు ఊరూరికీ వెళ్ళాయి. నిండిన ఫారాలన్నీ క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న కేట్ షెపర్డ్‌కు తిరిగొచ్చాయి, ఈ ఓటు ఉద్యమాన్ని ముందుండి నడిపింది ఆమే. ఆమె వాటిని అంచుకు అంచు జిగురుతో అతికించి, చీపురు కర్ర ముక్క ఒకటి తీసుకుని దాని చుట్టూ చుట్టింది. 546 కాగితాలు, 270 మీటర్లకు పైగా పొడవు. లెక్క వేసుకుంటే ఒక్కో కాగితం సుమారు అరమీటరు. విడిగా వచ్చిన మరికొన్ని అర్జీలు కలిపితే సంతకాలు దాదాపు 32 వేలు. వయసొచ్చిన తెల్లజాతి ఆడవాళ్ళలో ఇంచుమించు నాలుగో వంతు! అంతకు రెండేళ్ళ ముందు పెట్టిన అర్జీలో సంతకాలు 9 వేల చిల్లర మాత్రమే.

అవతలి పక్షమూ సంతకాలు పోగుచేయబోయింది. డునెడిన్ సభ్యుడు హెన్రీ ఫిష్ కూలి ఇచ్చి మనుషుల్ని సంతకాలకు తిప్పాడు. దొంగ సంతకాలు బయటపడ్డాయి. అది దేనికి అర్జీయో తెలియకుండా సంతకం పెట్టినవాళ్ళూ తేలారు. ఆ దెబ్బతో వాళ్ళ అర్జీకి విలువ లేకుండా పోయింది.

ఆడవాళ్ళకు ఓటిచ్చే బిల్లు దిగువ సభ దాటింది. ఎగువ సభలో ఆగిపోతుందని చాలామంది అనుకున్నారు. ఏప్రిల్‌లో ప్రధాని బాలెన్స్ చనిపోయాక ఆ కుర్చీలోకి వచ్చిన సెడన్‌కు ఈ బిల్లు గిట్టదు. తన పార్టీ సభ్యుడొకరి మీద ఒత్తిడి తెచ్చి ఓటు మార్పించబోయాడు. ఆ జోక్యం చూసి ఒళ్ళు మండిన ఇద్దరు సభ్యులు, అసలు బిల్లుకు వ్యతిరేకులై ఉండి కూడా, అనుకూలంగా ఓటేశారు. సెప్టెంబర్ 8న 20 మంది అవునన్నారు, 18 మంది కాదన్నారు. 19న గవర్నర్ లార్డ్ గ్లాస్గో సంతకం పడింది.

ఎన్నికలు నవంబర్ 28న. చేతిలో ఉన్నది సరిగ్గా పది వారాలు. ఆ లోపల 1,09,461 మంది ఆడవాళ్ళు జాబితాలో పేరు రాయించుకున్నారు, 90,290 మంది ఓటేశారు. ఓటు వేసే పద్ధతి మనకు కొత్తగా అనిపిస్తుంది. నచ్చినవాళ్ళ పక్కన గుర్తు పెట్టడం కాదు, వద్దనుకున్న పేర్లను గీతతో కొట్టేయాలి. క్రైస్ట్‌చర్చ్ లాంటి నగరాలకు ముగ్గురేసి సభ్యులు. కాబట్టి ముగ్గురికి మించి పేర్లు మిగిలితే ఆ కాగితం చెల్లదు. ఓటైతే వచ్చింది గానీ, ఆడవాళ్ళు పార్లమెంటుకు పోటీ చేయడానికి 1919 దాకా ఆగాల్సి వచ్చింది. పురపాలకానికి మాత్రం ఆ అడ్డు లేదు. ఎన్నికల మర్నాడే ఆక్లండ్ దగ్గరి ఒనెహుంగా పట్టణం ఎలిజబెత్ యేట్స్‌ను మేయరుగా ఎన్నుకుంది. నలుగురు కౌన్సిలర్లు, పట్టణ గుమాస్తా వెంటనే రాజీనామా ఇచ్చేశారు.

ఇక ఆటల సంగతి. క్రైస్ట్‌చర్చ్‌లో అంతకు ముందు ఏడే ఆడవాళ్ళ సైకిల్ క్లబ్బు ఒకటి మొదలైంది, పేరు అటలాంటా. కేట్ షెపర్డ్ అందులోనూ సభ్యురాలే. పాదాల దాకా జీరాడే గౌను చైనులో పడితే మనిషి కింద పడాల్సిందే, అందుకని సైకిలు మాట వచ్చినప్పుడల్లా దుస్తుల చర్చా లేచేది.

రగ్బీలో మాత్రం ఇదే క్రైస్ట్‌చర్చ్ వేరే దారి పట్టింది. ఓటు కోసం దేశమంతటి కాగితాలను ఒక్కచోట అతికించిన ఊరు అది. 1892లో పుట్టిన జాతీయ రగ్బీ సంఘంలో ఆ ఊరున్న కాంటర్‌బరీ ప్రాంతం చేరనే లేదు. దక్షిణాన ఒటాగో, సౌత్‌లాండ్ కూడా బయటే ఉన్నాయి. ఆ సంఘం సర్వసభ్య సమావేశంలో టామ్ ఎలిసన్ అనే ఆటగాడు దేశపు జట్టు దుస్తుల గురించి ఒక ప్రతిపాదన పెట్టాడు: నల్ల టోపీ, వెండి ఫెర్న్ ఆకు గుర్తున్న నల్ల జెర్సీ, తెల్ల నిక్కరు, నల్ల మేజోళ్ళు. నిక్కరు తెలుపన్నది గమనించండి, ఒళ్ళంతా నలుపు తర్వాతి మాట. అర్జీ పార్లమెంటుకు చేరిన ఆ చలికాలంలోనే ఎలిసన్ కెప్టెన్‌గా జట్టు ఆస్ట్రేలియా వెళ్ళి, సిడ్నీలో న్యూసౌత్‌వేల్స్ చేతిలో ఒకసారి ఓడినా, తక్కువ కాలంలోనే పేరు తెచ్చుకుంది.

ఆ నలుపు ఎలిసన్ ఊహించి తెచ్చింది కాదు. అతను మావోరీ, అంటే న్యూజిలాండ్ మూలవాసి. 1888-89లో 107 మ్యాచ్‌లాడిన, ఎక్కువమంది మావోరీలే ఉన్న ‘నేటివ్’ రగ్బీ జట్టులో అతనూ ఉన్నాడు, నల్ల జెర్సీ ఆ జట్టుది. మావోరీ ఆడవాళ్ళకూ అదే చట్టంతో ఓటు వచ్చింది. పార్లమెంటులో మావోరీలకు ప్రత్యేకించిన నాలుగు స్థానాలకు పోలింగ్ మాత్రం వేరే రోజున, డిసెంబర్ 20న జరిగింది. వాళ్ళకు ఓటర్ల జాబితా లేదు, రహస్య ఓటూ లేదు. అధికారి ముందు నిలబడి, ఎవరికి వేస్తున్నారో పైకి చెప్పాలి. ఆ పద్ధతి మారడానికి ఇంకో నలభై ఏళ్ళకు పైనే పట్టింది.