అమెరికా షాండ్లియరు మన స్లాబుకి తగిలించే ముందు

అందరికీ నమస్కారం. మైకు పట్టుకుని అలవాటు లేదు, ముప్పై ఏళ్లుగా టెస్టరూ కటింగ్ ప్లేయరూ పట్టుకున్న చెయ్యి ఇది, ఎక్కడన్నా తడబడితే సర్దుకోండి. ముందు వరసలో ఐటీఐ పిల్లలున్నారు, వెనక ఇళ్లు కట్టుకుంటున్న పెద్దలున్నారు. ఇద్దరికీ పనికొచ్చే ముక్కే మాట్లాడతా.

కావలిలో చూడండి, ఒంగోల్లో చూడండి, గృహప్రవేశం అంటే అమెరికా నుంచి వచ్చే అబ్బాయో అమ్మాయో సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి ఒక లైటు తేవాల్సిందే. దాన్ని నా చేతిలో పెట్టి "అన్నా, హాల్లో తగిలించెయ్, ఈలోపు టీ పెట్టిస్తా" అంటారు. అది టీ వచ్చేలోపు అయ్యే పని కాదబ్బయా.

మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వాళ్లది 120 వోల్టులు, 60 హెర్ట్జ్.  సరే, వాళ్ల 60 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బుని మన లైనుకి పెట్టామనుకోండి. వోల్టేజీ దాదాపు రెండింతలు, వాట్లు దాని వర్గం లెక్కన పెరుగుతాయి కాబట్టి 220 దాకా పోతుంది. ఒక్క మెరుపు మెరిసి చచ్చిపోతుంది. బల్బు పోతే పోయింది, దానికి నేను బాధపడను.

అట్లాగని లైటు మొత్తం పనికిరాదని మూల పడేసేవాళ్లని చూస్తే మాత్రం కడుపు మండుతుంది. ఇత్తడికీ గాజుకీ వోల్టేజీతో ఏం పని? చూడాల్సింది హోల్డరు, లోపలి వైరు, ఎల్‌ఈడీ లైటైతే దానికి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే డ్రైవరు డబ్బా. హోల్డరు లోపల టార్చి వేసి చూడండి. అమెరికా పెద్ద మర హోల్డర్ల మీద చాలావరకు 660 వాట్లు, 250 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది. ఉంటే హాయిగా వాడుకోవచ్చు. వాళ్ల మర సైజు E26, మన షాపుల్లో దొరికే మర బల్బు E27, ఒక్క మిల్లీమీటరు తేడా, మామూలుగా ఎక్కేస్తుంది. E అంటే ఎడిసన్, ఆయన పేరే. మన పిన్ను బల్బు మాత్రం అందులో పట్టదు. చిక్కంతా కొవ్వొత్తి బల్బుల షాండ్లియరుతో. ఆ బుల్లి హోల్డరు E12, మన దగ్గర సన్న మర అంటే E14. పైగా చాలావాటి మీద 125 వోల్టులు అనే ఉంటుంది. అడాప్టర్లు పెట్టి సర్దొద్దు, హోల్డర్లే మార్చెయ్యండి. ఒక పూట పని, అంతే.

ఎల్‌ఈడీ లోపలే బిగించి వచ్చినవైతే డ్రైవరు మీద చీటీ చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే బేఫికర్. ఒట్టి 120 అని ఉంటే డ్రైవరు మార్చాలి. వెలుగు తగ్గించే డిమ్మరు ఉంటుంది చూడండి, అక్కడిదాని ఊసే వద్దు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఇది నా తప్పే.

మన వైరింగులో నల్ల వైరంటే న్యూట్రల్, కళ్లు మూసుకుని చెప్తాం. అమెరికాలో నల్లది ఫేజు, అంటే షాకు కొట్టే వైరు, తెల్లది న్యూట్రల్. కావలిలో ఒక ఇంట్లో ఎనిమిది బల్బుల షాండ్లియరు, నల్లదానికి నల్లది కలిపి టేపు చుట్టేశా. స్విచ్చు వేస్తే జిగేల్‌మని వెలిగింది, ఎందుకు వెలగదు, బల్బుకి ఏ వైపు నుంచి వచ్చినా ఒకటే. ఆ ఇంటి పెద్దమ్మ దిష్టి కూడా తీసింది. వారానికి ఫోను, ఒక బల్బు మినుక్కు మినుక్కుమంటోందని. ఇనప నిచ్చెన వేసుకుని, ఏది వదులుగా ఉందో తెలియాలి కదా అని స్విచ్చు ఆపకుండానే ఎక్కి, బల్బు సగం విప్పి మళ్లీ తిప్పుతున్నా, చూపుడు వేలు ఇత్తడి మరకి తగిలింది. భుజం దాకా గుంజేసింది. కింద పడలేదంటే ఆ పెద్దమ్మ తీసిన దిష్టి పుణ్యమే. మర హోల్డర్లో ఫేజు అడుగున ఉన్న నాలిక్కి రావాలి, చుట్టూ ఉన్న మరకి న్యూట్రల్. నేను తిరగేసి కలిపితే మర మొత్తం ఫేజయి కూర్చుంది. స్విచ్చు ఆపకుండా ఎక్కడం రెండో తప్పు, అదీ నాదే. పిన్ను హోల్డర్లతో పెరిగినవాళ్లం, అందులో రెండు పిన్నులూ లోపలే ఉంటాయి, మనకి ఈ భయం అలవాటు లేదు.

కొన్ని లైట్లకి రంగే ఉండదు, రెండు పాయలూ గాజులాగా తెల్లగా ఉంటాయి. అప్పుడు వైరు పొడవునా గోరుతో గీరండి. ఒక పాయ నున్నగా ఉంటుంది, రెండోదాని మీద సన్నటి గాళ్లు తగులుతాయి. గాళ్లున్నది న్యూట్రల్. నమ్మకం లేకపోతే మల్టీమీటరు కంటిన్యూటీలో పెట్టి, లైను కలపకముందే మర నుంచి ఏ వైరుకి కూత వస్తుందో చూసుకోండి, అదే న్యూట్రల్. పచ్చదో, తొడుగు లేని రాగి తీగో ఉంటే అది ఎర్త్. కత్తిరించి పారెయ్యొద్దు. ఇత్తడి బాడీకి అదే దిక్కు.

కువైట్ నుంచి తెచ్చే లైట్లు నయం, అక్కడ 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మనకి సరిపోతాయి. ప్లగ్గే వేరు, పలకల పిన్నులు మూడు. దాన్ని కోసేసి మన మూడు పిన్నులది పెడతాం, కానీ ఆ ప్లగ్గు పొట్టలో చిన్న ఫ్యూజు ఉంటుంది, టేబుల్ లైటు సన్న వైరుకి అదే కాపలా. ఆ కాపలా పోయిందని గుర్తుపెట్టుకుని పక్కన సన్న ఫ్యూజు ఒకటి వేసుకోండి.

పెద్దలకొక మాట. అబ్బాయిని బల్బులు తేవద్దనండి, ఇక్కడ కొందాం. కొనబోయే ముందు చీటీ ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి.

ఆ కావలి షాండ్లియరు ఇంకా వెలుగుతూనే ఉంది. వైర్లు మార్చి కలిపాక నల్లదాని కొసన ఎర్ర టేపు, తెల్లదాని కొసన నల్ల టేపు చుట్టి వచ్చా. మీలో ఎవరన్నా ఎప్పుడన్నా ఆ ఇంటికి పనికి వెళ్తే ఆ టేపులు పీకకండి.