ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక రోజంతా ఎటు పోతోంది?

(తెర మీద: గోడ గడియారం, ఉదయం 9.40. కింద వీధిలో కూరగాయల బండి వాడి కేక.)

ఉద్యోగం మానేశారు. లేదా డిగ్రీ అయిపోయింది, ఈ ఏడాది మొత్తం నా కోసమే అనుకున్నారు. గ్రూప్స్ కావచ్చు, కోడింగ్ కావచ్చు, ఇంగ్లీషు మాట్లాడటం, ఒళ్లు తగ్గించుకోవడం, లేకపోతే ఇవన్నీ కలిపి. మొదటి వారం అదిరిపోయింది. ఐదింటికే లేచారు. కొత్త లాంగ్ నోట్‌బుక్ కొన్నారు. టైమ్‌టేబుల్ గీయడానికి నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు వాడారు. మూడో వారం వచ్చేసరికి, తొమ్మిదీ నలభైకి ఇడ్లీ తింటూ, నిన్న పొద్దుణ్నుంచి రాత్రి దాకా ఏం చేశానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రావడం లేదు.

దీనికి ఇంట్లో వాళ్లు పెట్టే పేరు బద్ధకం. నేను ఒప్పుకోను. ఇదే మనిషి ఉద్యోగం చేసిన రోజుల్లో విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లి తొమ్మిదిన్నరకల్లా సీట్లో కూర్చున్నాడు కదా! అప్పుడు లేని బద్ధకం రెండు నెలల్లో ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు కోసం ఒకసారి ఆస్ట్రియా వెళ్లొద్దాం. వియన్నా దగ్గర మారియెంతాల్ అని ఒక ఊరు. ఊరు ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు తమ బృందంతో అక్కడికి వెళ్లి, పని పోయిన మనుషులు రోజంతా ఎలా గడుపుతున్నారో దగ్గరగా చూశారు. 1933లో వాళ్ల అధ్యయనం అచ్చయింది.

అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఆ ఊళ్లో లైబ్రరీ ఉంది. పుస్తకం తీసుకోవడానికి ఇచ్చే రుసుము కూడా తీసేశారు. జనానికి చేతినిండా టైముంది. అయినా పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లు పెరగలేదు, బాగా తగ్గిపోయారు. మగవాళ్లు వీధుల్లో ఊరికే నిలబడేవాళ్లు. నడిస్తే నెమ్మదిగా నడిచేవాళ్లు. రోజులో ఏం చేశారో గంటల వారీగా రాయమని కాగితం ఇస్తే, భోజనం, పిల్లల్ని లేపడం లాంటివి రెండు మూడు తప్ప రాయడానికేమీ దొరకలేదు. ఆడవాళ్లు మాత్రం చకచకా నడిచారు. వాళ్లకు వంట ఉంది, ఇల్లు ఉంది, పిల్లలున్నారు.

వాళ్లది పని పోయిన బాధ, మనది కావాలని మానేసుకున్న పని. తేడా ఉంది, కాదనను. కానీ కాగితం మీద రాయడానికేమీ లేకపోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

యహోదా తర్వాతి రోజుల్లో దీన్ని ఇంకాస్త విడమరిచి చెప్పారు. ఉద్యోగం జీతం ఒక్కటే ఇవ్వదు. రోజుకు ఒక ఆకారం ఇస్తుంది. ఇంట్లో వాళ్లు కాని మనుషుల్ని రోజూ చూపిస్తుంది. పదిమందితో కలిసి చేసే పని ఇస్తుంది. నలుగురిలో చెప్పుకోవడానికి ఒక హోదా ఇస్తుంది. ఊరికే కూర్చోనివ్వదు. మనం రిజైన్ లెటర్ ఇచ్చేటప్పుడు జీతం లెక్క ఒక్కటే వేసుకుంటాం. ఆర్నెల్ల ఖర్చులకు డబ్బుంది, చాలు అనుకుంటాం. మిగిలిన ఐదూ కూడా అదే రోజు ఆగిపోతాయి. వాటికి ఏ సేవింగ్స్ ఖాతా లేదు.

(తెర మీద: తెల్లవారుజామున కృష్ణ ఒడ్డు, నడుస్తున్న జనం.)

కాబట్టి రొటీన్ అంటే నాలుగు రంగుల టైమ్‌టేబుల్ కాదు. పోయిన ఆ ఐదింటినీ విడివిడిగా మళ్లీ తెచ్చుకోవడం. అన్నిటికన్నా ముందు తెచ్చుకోవాల్సింది రోజుకు ఆకారం. అది మన చేతిలో లేని వాటి వల్లే వస్తుందని నా నమ్మకం. మీరు పెట్టుకున్న అలారాన్ని మీరే ఆపేయగలరు. ఐదున్నరకి ఫ్రెండు కింద బండి మీద కూర్చుని హారన్ కొడుతుంటే ఆపలేరు, పక్కింటాయన లేచి తిడతాడు. ఘాట్ దగ్గర వాకింగ్‌కి ఒక తోడు, షటిల్ కోర్టులో డబ్బులు కట్టిన టైమ్ స్లాట్, ఇలాంటివి ఒకటి రెండు చాలు.

నా లెక్కలో అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది ట్యూషన్. మీ వీధిలో ఏడో తరగతి పిల్లలు ఇద్దరికి సాయంత్రం ఐదింటికి లెక్కలు చెప్పండి. వాళ్లు బ్యాగులు తగిలించుకుని గుమ్మంలోకి వచ్చి "అన్నయ్యా" అని పిలిచాక మీ మూడ్‌తో ఎవరికీ పనిలేదు. వచ్చే డబ్బు పెట్రోలుకు సరిపోతుందేమో, అంతే. కానీ ఐదు గంటలకు రోజులో ఒక గీత పడుతుంది. ఆ గీతకు ముందు ఎంత, తర్వాత ఎంత అని మనసు తనంతట తానే లెక్క వేసుకుంటుంది. పైగా వాళ్లమ్మ మిమ్మల్ని "సార్" అంటుంది. హోదా సంగతి చెప్పాను కదా, అది కూడా కొంత తిరిగొస్తుంది.

చదువుకునే చోటు ఇంటి బయట ఉంటే సగం గొడవ వదిలినట్టే. ఠాగూర్ లైబ్రరీకి పొద్దున్నే వాటర్ బాటిల్, బ్యాగు పట్టుకుని వచ్చే పోటీ పరీక్షల కుర్రాళ్లను చూడండి. అక్కడ వాళ్లకు ఎవరూ పాఠం చెప్పరు. పక్కవాడు తల వంచుకుని చదువుతుంటే మనం ఫోను తీయడానికి మొహమాటపడతాం, ఆ మొహమాటమే అక్కడ దొరికేది. మన ఊరికి ఇది కొత్తేమీ కాదు. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకట రమణయ్యగారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే.

ఇక గంటల సంగతి. "రోజుకు పద్నాలుగు గంటలు చదివాను" అనే ఇంటర్వ్యూలు చూసి చాలామంది బెంగ పెట్టుకుంటారు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్ల వయసు కన్నా ముందు నుంచీ వయొలిన్ పట్టుకున్నవాళ్లు, అందులోనూ అందరికన్నా మెరుగైనవాళ్లు. వాళ్లు ఒంటరిగా కూర్చుని చేసే గట్టి సాధన రోజుకు సగటున ఎంతో తెలుసా? సుమారు మూడున్నర గంటలు. క్లాసులు, కచేరీలు వేరే అనుకోండి. సాధన కూడా ఏకబిగిన కాదు, మధ్యలో విరామాలతో. సాధన తక్కువ చేసేవాళ్ల కన్నా ఎక్కువ నిద్రపోయారు, మధ్యాహ్నం కునుకు కూడా తీశారు.

అంటే బుర్ర పూర్తిగా పెట్టి చేసే పని రోజుకు నాలుగు గంటలు దాటడం కష్టం. మిగిలినదంతా పేజీలు తిప్పడం. పన్నెండు గంటలు కూర్చుని, నాలుగు గంటల పని చేసి, ఎనిమిది గంటలు తమను తాము తిట్టుకోవడం అన్నమాట చాలామంది రొటీన్.

ఆ నాలుగు గంటలు ఎప్పుడు అన్నది విజయవాడలో ఎండ చెబుతుంది. మే నెల, సత్యనారాయణపురంలో డాబా మీద గది అనుకోండి. పదకొండుకల్లా స్లాబు కాలిపోతుంది. ఫ్యాను వేడిగాలిని గది నాలుగు మూలలకూ పంచిపెడుతుంది. పుస్తకం మీద మోచెయ్యి పెడితే పేజీ చెయ్యికి అంటుకుని లేస్తుంది. మధ్యాహ్నం రెండుకి కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు. ఆ టైములో ఇండియన్ ఎకానమీ చదవాలని రాసుకున్నవాడిది క్రమశిక్షణ కాదు, అమాయకత్వం. ఎక్కడో చలిదేశంలో ఉన్నవాడి మార్నింగ్ రొటీన్ మనం దించేసుకుంటాం. చన్నీళ్ల స్నానం చాలెంజ్ అట! మే నెలలో మన ట్యాంకులో చన్నీళ్లు ఎక్కడున్నాయండీ?

ఎండాకాలంలో ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా కష్టమైనది పెట్టుకోండి. టిఫిన్ అయ్యాక ఇంకో అరగంట. మధ్యాహ్నం అరగంట నిద్ర తప్పేం కాదు, అలారం పెట్టుకుని పడుకోండి. అలారం లేకపోతే ఐదింటికి ట్యూషన్ పిల్లలే వచ్చి లేపాలి. చల్లబడ్డాక పుస్తకం మూసేసి, పొద్దున చదివింది చూడకుండా కాగితం మీద రాయండి. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది, అందుకే దానికి అలవాటు పడతాం.

సాయంత్రం టీ విషయం ఒక్క మాట. కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికి చాలామందికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన స్ట్రాంగ్ టీ పదకొండుకి కూడా సగం మీలోనే ఉంటుంది. టీ కొట్టు దగ్గర కబుర్లు మానొద్దు, టీ మానండి.

(తెర మీద: వంటింటి గుమ్మం. ఫ్రిజ్ మీద పెట్టిన ఫోను.)

ఇప్పుడు అసలు సమస్య. ఇల్లు.

"ఏరా, ఖాళీగానే ఉన్నావుగా, కాస్త దోసెల పిండి పట్టించుకురా." "ఖాళీగానే ఉన్నావుగా, మామయ్యను స్టేషన్ నుంచి తీసుకురా." గ్యాస్ సిలిండర్ వస్తుంది నువ్వుండు, నాయనమ్మకు కంటి పరీక్ష ఉంది నువ్వెళ్లు. ఒక్కోటీ చిన్న పనే. కాదంటే మనమే చెడ్డవాళ్లం. దీనికి మొండికేయడం మందు కాదు. పొద్దున పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఇంటి పనులకు నేనే వస్తాను అని మీరే ముందు చెప్పేయండి. ఆ రెండు గంటల్లో పిలిచిన పనికల్లా నవ్వుతూ వెళ్లండి. అప్పుడు పొద్దున ఆరింటికి "ఇప్పుడు కాదమ్మా" అంటే ఆ మాటకు విలువుంటుంది. ఆ రెండు గంటలు ఎలాగూ ఎండ ముదిరే టైమే.

ఆడపిల్లల విషయంలో ఈ సలహా సగమే పనిచేస్తుంది, ఉన్నమాట చెప్పాలి. ఇంట్లో ఉన్న అమ్మాయి టైము అందరిదీ. చుట్టాలొస్తే కాఫీ ఎవరు పెట్టాలో అడగక్కర్లేదు కూడా. మీకు లైబ్రరీయో, స్నేహితురాలి ఇల్లో, ఏదో ఒకటి గడప బయట ఉండాల్సిందే. దానికి గొడవ పడాల్సి వస్తే పడండి.

మోటివేషన్ గురించి ఇప్పటిదాకా మాట్లాడలేదు, కావాలనే. దాన్ని తేదీకి ముడిపెట్టినవాళ్లకు ఏమైందో మన కళ్ల ముందే చూశాం. ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మెయిన్స్ జులై 28న అన్నారు. వాయిదా. 2025 జనవరి 5 అన్నారు. మళ్లీ వాయిదా. చివరికి ఫిబ్రవరి 23న జరిగింది. ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్య ఏడాది. "ఇంకో 40 రోజులే" అని గోడ మీద అంకెలు కొట్టేసుకుంటూ పరిగెత్తినవాళ్లు, వాయిదా వార్త వచ్చిన రోజు మంచమెక్కేశారు. తేదీ వాయిదా పడినా పెద్దగా కుదుపు లేనివాళ్లు, ఆరింటికి లైబ్రరీ బ్యాచ్, ఐదింటికి ట్యూషన్ ఉన్నవాళ్లే.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడిపోతుందన్న మాట కూడా నమ్మొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికీ తేడా 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా వాళ్లే చెప్పారు. పెళ్లికి తెనాలి వెళ్లి ఒక రోజు పోయిందని ఏడవక్కర్లేదు. మర్నాడు మొదలుపెడితే సరి.

మూడ్ లేని పొద్దున ఒక్క లెక్క చేయండి, ఒకే ఒక్కటి. చాలాసార్లు ఇష్టం మొదలుపెట్టాకే వస్తుంది. లేవగానే మోటివేషన్ వీడియోలు మాత్రం చూడొద్దు. వీడియోలోనే ఈ మాట చెబుతుంటే నాకూ నవ్వొస్తోంది, కానీ దీన్ని కూడా రాత్రి భోజనమయ్యాక చూసుకోండి.

రాత్రి పడుకునే ముందు మారియెంతాల్ వాళ్లకిచ్చినట్టు ఒక కాగితం మీరే తీసుకోండి. గంటల వారీగా ఏం చేశారో జ్ఞాపకం నుంచి రాయండి. ఎన్ని గంటలు కూర్చున్నారో కాదు, చేతిలో ఏం మిగిలిందో: చేసిన లెక్కలు, రాసిన పేజీ, నడిచిన దూరం. కాగితం ఖాళీగా ఉందంటే మీరు పనికిరారని అర్థం కాదు. రేపటి రోజుకు బయటి నుంచి ఇంకో పట్టు కావాలని అర్థం.

చివరగా, చాలామంది వినడానికి ఇష్టపడనిది. గట్టిగా చేయగలిగేది రోజుకు నాలుగు గంటలే అయితే, ఉద్యోగం పూర్తిగా మానేయాల్సిన అవసరం ఎంతమందికి ఉంది? నా అంచనాలో కొద్దిమందికే. పొద్దున్నే నాలుగు గంటలు మీవి చేసుకుని, మధ్యాహ్నం నుంచి సగం పూట పని చేస్తే జీతంలో కొంతా, ఆ ఐదింటిలో చాలా మటుకూ తిరిగొస్తాయి. వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో సాయంత్రం పూట బిల్లింగ్ ఉంటుంది, కోచింగ్ సెంటర్లలో పేపర్లు దిద్దే పని ఉంటుంది. ఇప్పటికే మానేసినవాళ్లు ఈ రాత్రే ఒక తేదీ రాసుకోండి: చేతిలో మూడు నెలల ఖర్చు మిగిలే రోజు. అది క్యాలెండర్ మీద రాసి నాన్నగారికి కూడా చూపించండి. ఆ రోజు నుంచి సగం పూట పని వెతుకుతానని ఇప్పుడే చెప్పేస్తే, భోజనాల దగ్గర "ఇంకా ఎన్నాళ్లురా" అనే ప్రశ్న చాలా మటుకు ఆగిపోతుంది.