పెరటి తోటకు ప్రాణులు రావాలంటే ముందు పురుగులకు చోటివ్వాలి

[దృశ్యం: గొంగళి పురుగును ముక్కున కరుచుకుని గూటికి చేరుతున్న పిచ్చుక]

గింజలు తిని బతికే పక్షిగా మనకు తెలిసిన పిచ్చుక, తొలి రోజుల్లో తన పిల్లలను గింజలతో పెంచదు. మెత్తని గొంగళి పురుగులను, చిన్న కీటకాలను తెచ్చి వాటి నోటికి అందిస్తుంది. వేగంగా ఎదిగే పిల్లలకు కావలసిన మాంసకృత్తులు వాటి నుంచే లభిస్తాయి. చిన్న పక్షుల్లో చాలావాటిది ఇదే తీరు. అందుచేత పక్షులు రావాలని కోరుకునేవారు గింజల పళ్ళెం వేలాడదీసి ఊరుకోకుండా, పురుగులు పుట్టి పెరగగలిగే తోటను సిద్ధం చేయాలి.

[దృశ్యం: అంచులు కొరికిన ఆకులు, బాగా దగ్గర నుంచి]

పురుగులకు ఏ ఆకు పడితే ఆ ఆకు పనికిరాదు. మొక్కలు ఆత్మరక్షణ కోసం ఆకుల్లో చేదు పదార్థాలను, విష రసాయనాలను నింపుకుంటాయి. ఆ మొక్కలతో కలిసి యుగాల తరబడి పరిణామం చెందిన కీటకాలే వాటిని తట్టుకోగలవు. మొనార్క్ సీతాకోకచిలుక గొంగళి పురుగు జిల్లేడు కుటుంబపు మొక్కల ఆకులనే తిని పెరుగుతుంది. నిమ్మ జాతి చెట్లను వెతుక్కుని గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు వేరే ఉన్నాయి. దూరదేశాల నుంచి తెచ్చిన అలంకార మొక్క ఎంత పచ్చగా కనిపించినా, దానిని తినగలిగే పురుగులు కొత్త చోట చాలా తక్కువగా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి మీ ప్రాంతంలో సహజంగా పెరిగే చెట్లు, పొదలు, తీగలు ఏవో తెలుసుకుని, తోటలో ఎక్కువ భాగం వాటికే కేటాయించండి.

ఆకుకు చిల్లులు పడగానే పురుగుమందు అందుకోకండి. తోటలో జీవం మొదలైందనడానికి అదే తొలి గుర్తు. ఆరోగ్యంగా ఉన్న మొక్క కొన్ని ఆకులు పోయినా మళ్ళీ చిగురిస్తుంది. నియోనికోటినాయిడ్లు అనే రకం పురుగుమందులైతే మొక్క అంతటా వ్యాపించి పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా చేరతాయి. తేనెటీగలకు కలిగే ఈ హాని కారణంగానే ఐరోపా సమాఖ్య 2018లో వాటిలో మూడింటిని ఆరుబయట వాడకుండా నిషేధించింది. మొక్క కొనేటప్పుడే దానికి ఏ మందులు వాడారో అడిగి తెలుసుకోవడం మంచిది.

[దృశ్యం: పక్కపక్కనే ముద్దబంతి, రేకబంతి]

పూల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. రేకులు కిక్కిరిసిన ముద్దపూలలో పుప్పొడి, మకరందం తక్కువగా ఉంటాయి, ఉన్నా కీటకాలకు సులభంగా అందవు. కనుక రేకపూలను ఎంచుకోండి.

[దృశ్యం: గడ్డి లేని మట్టిలో చిన్న రంధ్రం, దానిలోకి దిగుతున్న తేనెటీగ]

ప్రపంచంలో గుర్తించిన తేనెటీగ జాతులు సుమారు 20,000. వాటిలో అత్యధిక భాగం తుట్టె కట్టకుండా ఒంటరిగా జీవిస్తాయి, సగానికి పైగా నేలలోనే బొరియలు తవ్వుకుని పిల్లలను పెంచుతాయి. ఎండ తగిలే ఒక మూల మట్టిని ఏమీ కప్పకుండా వదిలేయడం వాటికి మీరు చేయగల గొప్ప మేలు. మరో మూల ఎండుటాకులను, కుళ్ళిపోతున్న కొమ్మలను అలాగే ఉంచండి: వాటి కింద ప్యూపాలు (సీతాకోకచిలుకలుగా, చిమ్మటలుగా మారబోయే దశలో గూటిలో ఉన్న పురుగులు), పెంకుపురుగులు, కప్పలు తలదాచుకుంటాయి. శుభ్రంగా ఊడ్చిన తోటను చూసి ముచ్చటపడటం మనకు అలవాటైపోయింది గాని, ఆ చీపురు కింద మరుసటి ఋతువు సీతాకోకచిలుకలు ఎన్నో పోతున్నాయి.

[దృశ్యం: రాళ్ళు వేసిన లోతు తక్కువ నీటి పళ్ళెం]

నీటి పళ్ళెం లోతు రెండు నుంచి ఐదు సెంటీమీటర్లకు మించనవసరం లేదు. కీటకాలు మునిగిపోకుండా కొన్ని రాళ్ళను నీటిపైకి కనిపించేలా అమర్చండి. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుంచి పెద్ద దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, రెండు మూడు రోజులకొకసారి పళ్ళేన్ని కడిగి నీరు మార్చితే దోమల బెడద ఉండదు.

[దృశ్యం: రాత్రి వేళ దీపం చుట్టూ తిరుగుతున్న చిమ్మటలు]

రాత్రంతా వెలిగే తెల్లని దీపం చిమ్మటలను అలసిపోయేదాకా తన చుట్టూ తిప్పుకుంటుంది. అవసరమైనప్పుడే వెలిగే, పసుపు కాంతినిచ్చే దీపాన్ని అమర్చుకోండి.

[దృశ్యం: చుక్కలు అంటించిన కిటికీ అద్దం]

తోట బాగుపడి పక్షుల రాకపోకలు పెరిగిన తరువాత, అద్దంలో ప్రతిబింబించే చెట్టును నిజమైనదనుకుని అవి ఢీకొనే ముప్పు కూడా పెరుగుతుంది. అద్దానికి వెలుపలి వైపున ఐదేసి సెంటీమీటర్ల దూరంలో చుక్కలు అంటించండి. గూళ్ళలో పిల్లలున్న కాలంలో పెంపుడు పిల్లిని ఇంట్లోనే ఉంచండి. పొదలను కత్తిరించే ముందు లోపల గూడేదైనా ఉందేమో కొమ్మలను పక్కకు జరిపి చూడండి.