చెట్లు కొట్టేసి అడవిని పెంచుతున్నారు!

[దృశ్యం: కడప జిల్లా, లంకమల. పొద్దు వాలుతోంది. ముళ్ళపొదలు, మధ్యలో ఖాళీ నేల.]

ఈ చోటు చూస్తే ఏమనిపిస్తుంది? "ఉత్త బీడు, నాలుగు మొక్కలు నాటితే బాగుండు" అనే కదా! నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నా. గునపం పట్టుకునే ముందు ఒకసారి ఇంగ్లాండు వెళ్ళొద్దాం.

[దృశ్యం: మ్యాప్. ఇంగ్లాండు వాయవ్య మూల.]

ఇది ఎన్నర్‌డేల్ లోయ. మొదటి ప్రపంచయుద్ధంలో కలపకు కటకటలాడిన బ్రిటన్, 1919లో అడవులు పెంచడానికి ఫారెస్ట్రీ కమిషన్ అనే సర్కారు సంస్థను పెట్టింది. 1920ల్లో ఈ లోయలోనూ నాట్లు మొదలయ్యాయి. ఎక్కువగా వేసింది సిట్కా స్ప్రూస్, ఉత్తర అమెరికా చెట్టు. మనవాళ్ళు ఆస్ట్రేలియా జామాయిల్‌ను వరసల్లో నాటినట్టే. ఆ తోపులోకి వెళితే పట్టపగలే మసక, కింద రాలిన సూదుల్లాంటి ఆకుల పరుపు.

2003 నుంచి దాన్ని మార్చే పని నడుస్తోంది. స్ప్రూస్‌ను కొట్టడం తేలికే. కొట్టినచోట మళ్ళీ దాని పిల్లలే లేస్తాయి, పీకుతూ ఉండాలి. ఓక్, బిర్చ్ లాంటి అక్కడి చెట్లకు చోటివ్వడానికి బొచ్చు గాలోవే ఆవుల్ని వదిలారు. అవి గిట్టలతో దట్టమైన గడ్డిని తొక్కితే మట్టి బయటపడుతుంది, అక్కడ విత్తనం మొలుస్తుంది. మన అడవిలో పశువు కనిపిస్తే గొడవ, అక్కడ పశువే పనివాడు!

[దృశ్యం: మళ్ళీ లంకమల. ఒక పొద, దగ్గరగా.]

ఆకు తుంచితే పాలు కారాయి, చూడండి. పండితే కాయలు నల్లబడతాయి. ఇది కలివి. దీని పేరు మీదే కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986 జనవరిలో ఈ జిల్లాలోనే దొరికింది. రాత్రి టార్చి వెలుగులో పట్టింది ఊరి వేటగాడు.

అది రాత్రుళ్ళు తిరుగుతుంది. పొదలు నరికితే దాక్కోడానికి చోటుండదు, మరీ దట్టమైతే పరుగెత్తడానికి ఉండదు. మేకలు కాస్త మేస్తే మధ్యలో ఖాళీలు నిలుస్తాయి, మందలు ఎక్కువైతే పొదే పోతుంది. ఎన్ని మేకలన్న లెక్కే ఇక్కడ అసలు పని. జామాయిల్ నాటడానికి గుంతలు తవ్వితే పొదలే మిగలవు, ఆ లెక్కతో కూడా పనుండదు. ఈ పిట్ట కోసం తెలుగు గంగ కాలువ దారే మార్చారు మరి!

[దృశ్యం: తెల్లవారుజాము. పొదల మధ్య చదును చేసిన మెత్తటి మట్టి.]

పరిశోధకులు రాత్రి ఇలా మట్టి పరిచి, పొద్దున్నే వచ్చి వంగి చూసేవారు. కలివికోడికి వెనక వేలు ఉండదు. వాళ్ళు వెతికింది మూడు వేళ్ళ అడుగు కోసం.